రెండు వారాల నంబర్ వన్, ఆగని పద్దెనిమిదో స్థానం: మైక్ రీడ్ పాటల లెక్క

1991 ఫిబ్రవరి చివర్లో అమెరికా కంట్రీ (అక్కడి పల్లె మూలాల సంగీతం) సింగిల్స్, అంటే విడిగా విడుదల చేసే పాటల, పట్టికలో అగ్రస్థానానికి చేరిన పాట 'వాక్ ఆన్ ఫెయిత్'. పాడింది మైక్ రీడ్. అప్పటికి ఆయన వయసు 43. సొంత పేరుతో విడుదలైన తొలి సోలో సింగిల్ అదే. అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం నుంచి వచ్చిన మనిషి మొదటి పాటతోనే నంబర్ వన్ కొట్టాడంటే పత్రికలకు అంతకంటే ఏం కావాలి? పాట రెండు వారాలు అక్కడ నిలిచింది. ఆ తర్వాత ఆయన పాడిన సింగిల్ ఏదీ మొదటి పది స్థానాల గడప తొక్కలేదు.

అదే ఏడాది, అదే సహరచయిత ఆలెన్ షాంబ్లిన్‌తో కలిసి రీడ్ రాసిన ఇంకో పాట గాయని బానీ రైట్ గొంతులో వచ్చింది. 'ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ' అనే ఆ పాట పాప్ పట్టికలో 18వ స్థానం దాకా వెళ్లి ఆగిపోయింది. ఇవాళ నంబర్ వన్ పాటను పనిగట్టుకుని వెతుక్కుని వినాలి. పద్దెనిమిదో స్థానం పాటను జార్జ్ మైకేల్ పాడారు, అడెల్ కచేరీలో పాడారు, బాన్ ఇవేర్ పాడారు. టీవీ పాటల పోటీల్లో అదింకా వినిపిస్తూనే ఉంటుంది. ఇద్దరు రచయితలూ వాళ్లే, ఏడాదీ అదే. ఒక పాట ఎక్కడ ఆగింది, ఇంకోటి ఎలా నడిచింది అన్నది కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరపు పాటల వ్యాపారం లోపలికి వెళితేనే తెలుస్తుంది.

ముందు ఆట సంగతి. రీడ్ 1947లో పెన్సిల్వేనియాలోని ఆల్టూనాలో పుట్టారు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం జట్టులో డిఫెన్సివ్ ట్యాకిల్. ఎదుటి జట్టు వరుసను గుద్దుకుంటూ వెళ్లి, బంతి విసరబోయేవాణ్ని నేలమీద పడేయడం ఆ స్థానంలో ఆడేవాడి పని. 1969లో కాలేజీ ఆటగాళ్లకిచ్చే ఔట్‌లాండ్ ట్రోఫీ, మాక్స్‌వెల్ అవార్డు రెండూ ఆయనకే వచ్చాయి. వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1970లో, సిన్సినాటి బెంగాల్స్ జట్టు ఆయన్ను ఏడో ఎంపికగా తీసుకుంది. 1972, 1973 సంవత్సరాల్లో మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. 1974 సీజన్ అయిపోగానే, ఇరవై ఏడేళ్లకే ఆట మానేశారు. మోకాలికీ చేతులకూ తగిలిన దెబ్బలు ఒక కారణం, సంగీతం రెండో కారణం.

ఇక్కడే చాలా వ్యాసాలు దారి తప్పుతాయి. ఆటలో నేర్చుకున్న క్రమశిక్షణే పాటల్లో పనికొచ్చిందని తేలిగ్గా రాసేస్తారు. ఆ క్రమశిక్షణ బెంగాల్స్ జట్టులో అందరికీ ఉంది, పాటలు రాసింది ఒక్కరే. రీడ్ పెన్ స్టేట్‌లో చదివింది సంగీతమే, శాస్త్రీయ పియానో. ఫుట్‌బాల్ ఆడే రోజుల్లోనే సిన్సినాటి సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించారు. 1980లో నాష్‌విల్ చేరేసరికి అక్కడి రచయితల్లో ఎక్కువమంది చేతిలో ఉన్నది గిటారు. గిటారు మీద రాసేవాడి చేయి తెలిసిన కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) ఆకారాల వైపే పోతుంది, పాట నడక కూడా ఆ ఆకారాల వెంటే పోతుంది. పియానో దగ్గర కూర్చున్నవాడు కుడిచేతి కార్డ్‌ను కదపకుండా ఎడమచేతి బేస్ స్వరం ఒక్కటే మార్చగలడు, మధ్య స్వరాన్ని అర మెట్టు దించగలడు. మెలడీ నిలబడిన చోటే నిలబడి ఉండగా కింద నేల కదిలినట్టు అనిపించేది ఆ పనివల్లే. రీడ్ నెమ్మది పాటల్లో వినపడే ప్రత్యేకత అదే. దానికి మూలం పియానో పాఠాల్లోనే ఉంది.

నాష్‌విల్‌లో పాట రాయడం ఉద్యోగం లాంటిది. పబ్లిషర్ రచయితకు వారానికో నెలకో కొంత సొమ్ము ఇస్తాడు. అది జీతం కాదు, రాబోయే రాయల్టీ మీద బయానా. పాట డబ్బు తెచ్చినప్పుడు ముందు ఆ బయానా తెగాలి, డెమో (నమూనా రికార్డింగు) ఖర్చులో రచయిత వాటా కూడా తెగాలి, ఆ తర్వాతే చేతికి. బదులుగా పాట కాపీరైటు పబ్లిషర్ పేరుకు మారుతుంది. పొద్దున పదింటికో పదకొండింటికో ఇద్దరు ముగ్గురు రచయితలు ఒక గదిలో కలిసి కూర్చోవడం, సాయంత్రానికి పాటో పాటలో సగమో పట్టుకుని లేవడం అక్కడి దినచర్య. కలిసి రాసినవాళ్లు ఎవరు ఎన్ని మాటలు చేర్చారని లెక్కపెట్టుకోరు. ఇద్దరైతే చెరి సగం, ముగ్గురైతే మూడో వంతు. మాటకింతని కొలవడం మొదలుపెడితే మర్నాటి నుంచి ఆ గదికి ఎవరూ రారు.

పాట కుదిరాక మొదట ఒక గొంతు, ఒక వాద్యంతో వర్క్ టేప్ చేస్తారు. అది నచ్చితే పబ్లిషర్ పూర్తి డెమోకు డబ్బు పెడతాడు. స్టూడియోలో బుకింగ్ మూడు గంటల చొప్పున ఉంటుంది. డ్రమ్స్, బేస్, పియానో, ఒక అకూస్టిక్ గిటార్, ఒక ఎలక్ట్రిక్ గిటారో స్టీల్ గిటారో, వీళ్లకు తోడు ఒక డెమో గాయకుడు. ఆ మూడు గంటల్లో నాలుగైదు పాటలు లాగేస్తారు. ఇంత వేగం ఎలా సాధ్యమంటే, అక్కడ కార్డ్‌లను అక్షరాలతో రాయరు. 1950ల చివర్లో జోర్డనేర్స్ బృందంలోని నీల్ మాథ్యూస్ మొదలుపెట్టి, తర్వాత చార్లీ మెకాయ్ పెంచిన అంకెల పద్ధతి వాడతారు. ఆధార శ్రుతి మీది కార్డ్ 1, నాలుగో స్వరం మీదిది 4, ఐదోదాని మీదిది 5. షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా మిగతా స్వరాల దూరం మారనట్టే, గాయకుడి గొంతుకు పాట ఎత్తుగా ఉందని శ్రుతి దించితే కాగితం మీద ఒక్క అంకె కూడా మార్చనక్కర్లేదు. విడుదలయ్యే అసలు రికార్డింగుకు, అంటే మాస్టర్‌కు, మాత్రం ఇంత పరుగు కుదరదు. మూడు గంటల సెషన్‌లో పూర్తయిన సంగీతం పదిహేను నిమిషాలు దాటకూడదని వాద్యకారుల సంఘం నిబంధన.

డెమో పట్టుకుని పబ్లిషర్ తరఫు మనిషి నిర్మాతల చుట్టూ, రికార్డు కంపెనీల చుట్టూ తిరుగుతాడు. నచ్చితే 'హోల్డ్' అంటారు, అంటే కొన్నాళ్లు ఇంకెవరికీ వినిపించొద్దని. ఇది ఎక్కువగా నోటిమాట ఒప్పందం. నెలల తరబడి హోల్డ్‌లో ఉండి, ఆల్బమ్ బయటికొచ్చే రోజుకు అందులో లేని పాటలు కోకొల్లలు. రికార్డయితే 'కట్'. కట్ అయ్యాక ఆల్బమ్‌లో మిగలాలి, మిగిలాక సింగిల్‌గా రావాలి. కంట్రీ రచయితకు పెద్ద డబ్బు ఆ చివరి మెట్టు మీదే ఉంటుంది, ఎందుకంటే రేడియో మోగించేది సింగిల్‌నే. దారిలో పాట చచ్చిపోయే చోట్లు చాలా. డెమోను మరీ నింపేసి నిర్మాతకు ఊహించుకునే చోటు మిగల్చకపోవడం, గాయని కోసం రాసిన పాటకు మగ గొంతుతో డెమో చేయడం, పల్లవి రావడానికి నిమిషం దాటడం లాంటి పొరపాట్లతో కొత్త రచయితల పాటలు పబ్లిషర్ల అల్మారాల్లో టేపులుగా మిగిలిపోతాయి.

రీడ్ ఈ గండాలు దాటింది గాయకుడు రానీ మిల్‌సాప్ వల్ల. మిల్‌సాప్ కూడా పియానో మనిషే, కంట్రీలోకి సోల్ సంగీతం నడక తెచ్చినవాడు. 'ఇన్‌సైడ్', 'స్టిల్ లూజింగ్ యూ', ట్రాయ్ సీల్స్‌తో కలిసి రాసిన 'లాస్ట్ ఇన్ ద ఫిఫ్టీస్ టునైట్' ఈ జతలో వచ్చినవే. వీటన్నిటికంటే ముఖ్యమైనది 'స్ట్రేంజర్ ఇన్ మై హౌస్'. 1983లో వచ్చిన ఈ పాట కంట్రీ పట్టికలో ఐదో స్థానం దగ్గరే ఆగింది. అయినా 1984 గ్రామీల్లో ఉత్తమ కంట్రీ పాట బహుమతి దానికే దక్కింది. ఆ బహుమతి పాడినవారికి కాక రాసినవారికి ఇచ్చేది. పట్టికకూ పాట విలువకూ పొత్తు కుదరని సందర్భం రీడ్ జీవితంలో అదే మొదటిది.

ఇప్పుడు 'వాక్ ఆన్ ఫెయిత్'. నిర్మాత స్టీవ్ బకింగ్‌హామ్, కంపెనీ కొలంబియా, ఆల్బమ్ పేరు 'టర్నింగ్ ఫర్ హోమ్'. ప్రేమను నమ్మి ముందుకు నడవమనే హుషారు పాట. గాస్పెల్ (చర్చి పాటల) వాసన, తేలిగ్గా పట్టుబడే పల్లవి, కారు నడుపుతూ స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేసుకోదగ్గ లయ. రేడియోకు కావలసిన గుణాలన్నీ ఉన్నాయి. కాలం కూడా కలిసొచ్చింది. 1990 జనవరి దాకా కంట్రీ పట్టిక స్టేషన్లు తమంతట తాము చెప్పుకున్న జాబితాల మీద నడిచేది. ఆ నెల నుంచి, పట్టికను ప్రచురించే బిల్‌బోర్డ్ పత్రిక యంత్రాల లెక్కకు మారింది. ప్రసారంలో వెళ్లే పాటను కంప్యూటర్ దాని ధ్వని ముద్రను బట్టి గుర్తుపట్టి, ఎన్నిసార్లు మోగిందో లెక్కేస్తుంది. జాబితాలో పేరుండి నిజంగా మోగని పాటలకు ఆ రోజుతో కాలం చెల్లింది. హుషారుగా ఉండి ఎవరికీ అభ్యంతరం లేని పాట రోజంతా మోగుతుంది, కాబట్టి కొత్త లెక్కలో అలాంటి పాటే పైకి పోతుంది.

దాన్ని పైకి తెచ్చిన గుణమే దాన్ని కిందికీ దించింది. అందరికీ ఒప్పే పాటకు బదులుగా ఇంకో ఒప్పే పాట వచ్చే వారం దొరుకుతుంది. 'వాక్ ఆన్ ఫెయిత్' దిగిన వెంటనే ఆ స్థానంలోకి వచ్చింది ఆలన్ జాక్సన్. గార్త్ బ్రూక్స్, క్లింట్ బ్లాక్, జాక్సన్ ఈ ముగ్గురి తరం అప్పుడే రేడియోను ఆక్రమిస్తోంది. టోపీ, బూట్లు, ఫిడిల్, వీడియోలో బాగా కనపడే కుర్రతనం. నలభై మూడేళ్ల పియానో గాయకుడు ఆ బొమ్మలో ఇమడలేదు. రీడ్ గొంతులో లోపం వెతకనక్కర్లేదు. 1988లో మిల్‌సాప్‌తో కలిసి పాడిన 'ఓల్డ్ ఫోక్స్' రెండో స్థానం దాకా వెళ్లింది. ఇంకో తమాషా, 'వాక్ ఆన్ ఫెయిత్' పైకి రావడానికి కొన్ని వారాల ముందే అలబామా బృందం పాడిన 'ఫరెవర్స్ యాజ్ ఫార్ యాజ్ ఐల్ గో' అదే పట్టికలో నంబర్ వన్. దాన్ని రాసింది రీడ్ ఒక్కరే. రెండు నెలల్లో రెండు నంబర్ వన్‌లు వస్తే జనానికి గుర్తున్నది ఆయన పాడినదొక్కటే.

'ఐ కాంట్ మేక్ యూ లవ్ మీ' పుట్టుక చాలాసార్లు చెప్పిన కథే. ప్రియురాలి కారు మీద కాల్పులు జరిపి పట్టుబడిన ఒక మనిషి గురించిన వార్త రీడ్ చదివారు. ఏం నేర్చుకున్నావని జడ్జి అడిగితే, ఇష్టం లేని ఆడమనిషి చేత ప్రేమించమని చేయించలేమని తెలిసిందని అతను జవాబిచ్చాడట. రచయితలిద్దరూ మొదట దీన్ని బ్లూగ్రాస్ తరహాలో వేగంగా సాగే పాటగా మొదలుపెట్టారు. ఆ వేగంలో అది నవ్వుకునే పాట అయ్యేది, కోర్టులో దొరికిన బుద్ధి తక్కువవాడి మీద హాస్యం. ఆరు నెలలకు పైగా దాంతో కుస్తీ పట్టాక రీడ్ పియానో మీద వేగం బాగా తగ్గించి కొత్త మెలడీ వాయించారు. ఆలోచన పాతదే. వేగం తగ్గేసరికి మాట్లాడే మనిషి మారిపోయాడు, ఓడిపోయానని తెలిసి ఈ ఒక్క రాత్రికి పక్కన ఉండమని అడిగే మనిషి వచ్చాడు.

పాటలు రాసేవాళ్లు దీని నుంచి తీసుకోవలసింది ఒకటుంది. పాట నడవనప్పుడు మామూలుగా మాటలు దిద్దుతారు. చాలాసార్లు దిద్దవలసింది వేగం. నెమ్మది నడకలో పదానికీ పదానికీ మధ్య నిశ్శబ్దం దొరుకుతుంది, ఆ ఖాళీలో పాడేవారి ఊపిరి కూడా అర్థంలో భాగమవుతుంది. అయితే ప్రతి పాటనూ నెమ్మది చేస్తే బరువొస్తుందనుకోవడం పొరపాటు. నెమ్మది చేసినప్పుడు అలంకారాలు, ప్రాస కోసం ఇరికించిన మాటలు వెంటనే బయటపడతాయి. ఈ పాట నిలబడింది మాటలన్నీ గదిలో ఒకరితో ఒకరు అనుకునేంత మామూలుగా ఉండటం వల్ల. ఒక్క ఉపమానం దగ్గరైనా గొప్పగా రాశారనిపిస్తే పాట విరిగేది. చరణం, పల్లవి, చరణం, పల్లవి, అంతే. కంట్రీ పాటల్లో రెండో పల్లవి తర్వాత మామూలుగా వచ్చే కొత్త మలుపు ఇందులో లేదు. మనసు మార్చుకునే మార్గం లేని మనిషి పాటకు మలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

పాడటానికి చూస్తే తేలికనిపించే ఈ పాట గొంతును పరీక్షిస్తుంది. చరణం కింది స్థాయిలో దాదాపు మాట్లాడినట్టు సాగుతుంది. పల్లవి ఎత్తుకు వెళుతుంది గానీ అరవకూడదు. పోటీల్లో పాడేవాళ్లు చేసే తప్పు సరిగ్గా అక్కడే. ఎత్తు రాగానే బలం పెంచుతారు, వేడుకోలు కాస్తా డిమాండ్ అయిపోతుంది. బానీ రైట్, డాన్ వాజ్ కలిసి నిర్మించిన రికార్డింగులో బ్రూస్ హార్న్స్‌బీ పియానో మిగతా వాద్యాలను దాదాపు పక్కకు నెట్టేసింది. ఆ గాత్రం ఒకే టేకులో వచ్చిందనీ, మళ్లీ పాడినా ఆ బాధ తిరిగి పట్టుబడలేదనీ రైట్ చెప్పుకున్నారు. రచయితలు మొదట అనుకున్న మూడు గొంతులు రైట్, బెట్ మిడ్లర్, లిండా రాన్‌స్టాట్. ముగ్గురూ ప్రధానంగా కంట్రీ రేడియో గాయనులు కారు. ఈ ఎంపికలో చట్టం కోణం కూడా ఉంది. అమెరికాలో పాట మొదటి రికార్డింగు ఎవరికివ్వాలన్నది హక్కుదారుల ఇష్టం. ఒకసారి విడుదలయ్యాక మాత్రం చట్టం నిర్ణయించిన రేటు కట్టి ఎవరైనా తమ గొంతులో రికార్డు చేసుకోవచ్చు, ఆపే వీల్లేదు. కాబట్టి మొదటి గొంతు ఏదైతే తర్వాతివాళ్లందరూ దాన్ని విని నేర్చుకుంటారు. రీడ్ ఈ పాటను తన ఆల్బమ్‌లో పెట్టుకుని ఉంటే అది పద్నాలుగో పదిహేనో స్థానం దగ్గర ఆగిన కంట్రీ సింగిల్‌గా మిగిలేదని అనుకోవడానికి ఆయన తర్వాతి సింగిల్స్ గతే సాక్ష్యం.

డబ్బు లెక్క ఇంకా సూటిగా చెబుతుంది. 1990, 1991 సంవత్సరాల్లో అమ్ముడైన ప్రతి కాపీకి ఒక్కో పాటకు చట్టబద్ధ రేటు 5.7 సెంట్లు. 1992లో 6.25 సెంట్లయింది. రైట్ ఆల్బమ్ 'లక్ ఆఫ్ ద డ్రా'కు అమెరికాలో 70 లక్షల కాపీల ధ్రువీకరణ ఉంది. పాత రేటుతోనే వేసినా ఒక్క పాటకు 3,99,000 డాలర్లు. అందులో సగం పబ్లిషర్లకు పోతే 1,99,500. ఇద్దరు రచయితలకు చెరి 99,750. రేడియో, సినిమా, ఇతరుల రికార్డింగులు దీనికి అదనం.

సొంతంగా పాడుకుంటే ఎక్కువ రావాలి కదా అనిపిస్తుంది. నిజానికి అప్పటి రికార్డు ఒప్పందాల్లో ఒక మెలిక మామూలుగా ఉండేది. గాయకుడే రాసిన పాటకు కంపెనీ చట్టబద్ధ రేటులో 75 శాతమే ఇస్తుంది. 5.7 సెంట్లు కాస్తా 4.275 అవుతుంది. లక్ష కాపీలకు 5,700 డాలర్లు రావలసిన చోట 4,275 డాలర్లు. సహరచయిత వాటాను కూడా అదే కోతలోకి లాగాలని చూస్తారు, పొత్తులు చెడేది ఎక్కువగా అక్కడే. ఇక గాయకుడిగా వచ్చే రాయల్టీలోంచి రికార్డింగు ఖర్చు, వీడియో ఖర్చులో వాటా అన్నీ తెగాలి. అన్నిటికన్నా విచిత్రం రేడియోది. అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో పాట మోగితే రాసినవారికీ పబ్లిషర్‌కూ బీఎంఐ, ఆస్కాప్ వంటి సంస్థల ద్వారా డబ్బు వస్తుంది. పాడినవారికి, రికార్డు కంపెనీకి ఒక్క సెంటు రాదు. గాయకుడు పేరు తెచ్చుకుని కచేరీల్లో సంపాదించుకోవాలి. రీడ్ రెండు కుర్చీల్లోనూ కూర్చున్నారు గానీ, ఆదాయం వచ్చిన కుర్చీ ఒకటే. (మన సినిమా పాటల రచయితలకు ఇలాంటి రాయల్టీ హక్కును వదులుకోనక్కర్లేకుండా చట్టం కాపాడింది 2012 సవరణతో. అంతకుముందు ఏకమొత్తం తీసుకుని చేతులు దులుపుకోవడమే.)

మైదానం నుంచి వచ్చిన ఇంకో కంట్రీ గాయకుణ్ని రీడ్ పక్కన నిలబెట్టి చూస్తే కాలం మార్పు తెలుస్తుంది. సామ్ హంట్ బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు. 2008లో వృత్తి జట్టు కాన్సస్ సిటీ చీఫ్స్ శిక్షణ శిబిరం దాకా వెళ్లి, అక్కణ్నుంచి నాష్‌విల్ దారి పట్టారు. కెన్నీ చెస్నీకి 'కమ్ ఓవర్', కీత్ అర్బన్‌కు 'కాప్ కార్' పాటల్లో సహరచయితగా నిలబడ్డాక సొంతంగా పాడారు. 2017లో ఆయన 'బాడీ లైక్ ఎ బ్యాక్ రోడ్' 34 వారాలు హాట్ కంట్రీ పట్టికలో అగ్రస్థానంలో ఉంది, అప్పటికి అది రికార్డు. రీడ్ పాట రెండు వారాలు, ఇది 34. పదిహేడు రెట్లు గొప్ప పాటా? 2012 అక్టోబరులో ఆ పట్టిక కొలబద్ద మారింది. కంట్రీ రేడియోతో పాటు అన్ని రకాల స్టేషన్లు, డౌన్‌లోడ్‌లు, స్ట్రీమింగ్ కలిపి లెక్కిస్తున్నారు. పాప్ వాళ్లూ వింటే ఒకే పాట పైన గడ్డకట్టుకుపోతుంది. కంట్రీ రేడియో మాత్రమే లెక్కయ్యే వేరే పట్టికలో హంట్ పాట అగ్రస్థానంలో ఉన్నది మూడు వారాలే. రీడ్ రెండు వారాలను పోల్చదగ్గది దీనితోనే. ఆ పాటకు రచయితలు నలుగురు కాబట్టి వాటా కూడా నాలుగో వంతే.

రీడ్ తర్వాత కంట్రీ నుంచి మెల్లగా పక్కకు జరిగి ఒపేరాలు, సంగీత నాటకాలు రాశారు. 2005లో నాష్‌విల్ పాటల రచయితల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1987లోనే కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరారు.

1991 పాటలకు సంబంధించి ఇప్పుడు పనికొచ్చే సంగతి ఒకటుంది. అమెరికా చట్టం ప్రకారం 1978 జనవరి 1 నుంచి రచయిత పబ్లిషర్‌కు రాసిచ్చిన హక్కును, చాలా సందర్భాల్లో 35 ఏళ్లు నిండాక తిరిగి తీసుకోవచ్చు. ప్రచురణ హక్కు కూడా ఇచ్చి ఉంటే, ప్రచురించిన నాటి నుంచి 35 ఏళ్లా, ఇచ్చిన నాటి నుంచి 40 ఏళ్లా, ఏది ముందైతే అది. అంటే 1991లో విడుదలైన పాటలకు ఆ తలుపు 2026లో తెరుచుకుని అయిదేళ్లు తెరిచి ఉంటుంది. కోరుకున్న తేదీకి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా పదేళ్లు ముందు నోటీసు ఇవ్వాలి. జీతానికి యజమాని కోసం రాసిన పాటలకు ఇది వర్తించదు. వెనక్కి వచ్చేది అమెరికా హక్కులు మాత్రమేనన్నది చాలాకాలంగా నడిచిన అర్థం, మిగతా దేశాల హక్కుల సంగతి కోర్టుల్లో వివాదమైంది. ఇద్దరూ కలిసి ఒకే పత్రం మీద రాసిచ్చిన పాటైతే సగానికి మించిన సంతకాలు కావాలి కాబట్టి ఇద్దరూ ఒప్పుకోవాల్సిందే. నోటీసు గడువు దాటితే కాపీరైటు ఉన్నన్నాళ్లూ హక్కు పబ్లిషర్‌దే.